నాలుగో చిత్తుప్రతి

వాల్దివియాలో వాన పడుతుంటే
సిబ్బంది విభాగంలో ఎవరమూ దాని గురించి మాట్లాడం.
పడకపోతే మాట్లాడతాం.

ఇవాళ నా పని ఒక ప్రకటన రాయడం.
వృక్షవలయాల ప్రయోగశాల. సాంకేతిక సహాయకులు. ఒక ఖాళీ.
ఖాళీ అన్నానే గాని ఇంకా ఖాళీ కాలేదు.
ఎర్మెలిందా వైకిల్ ఆ స్టూలు మీదే ఉంది,
శుక్రవారం దాకా ఉంటుంది.

మొదటి గడి: కనీస విద్యార్హత.
మాస్టర్స్ డిగ్రీ, అన్నాడు డీన్ ఓయర్‌సూన్.
ఇంగ్లిష్ ధారాళంగా రావాలి, అన్నాడు ప్రాజెక్టు పెద్ద.
రెండూ టైపు చేశాను.
ఎర్మెలిందా ఫైలు తీసి చూద్దును గదా,
రాత్రి బడి, పన్నెండో తరగతి, రెండో ప్రయత్నంలో.
ముప్ఫై ఒక్కేళ్లుగా చేస్తున్న పనికి
రేపు దరఖాస్తు పెట్టుకుంటే
మొదటి జల్లెడలోనే రాలిపోతుంది.
జల్లెడ పట్టేది నేనే.

రెండో గడి: విధులు, బాధ్యతలు.
మూడు వందల అక్షరాలు మించరాదు.
మూడు చిత్తులు రాసి చింపి
గొడుగు తీసుకుని ఆమె దగ్గరికే వెళ్లాను.

గదంతా చెక్కపొడి వాసన.
కళ్లజోడు నెత్తి మీద, ముంజేతులకు ఎర్రటి పొడి.
మీరేం చేస్తారో చెప్పండి, రాసుకుంటాను, అన్నాను.
"గరుకు కాగితం. ఎనభై, నూట ఇరవై, నాలుగు వందలు, వెయ్యి.
చివరికి వట్టి చెయ్యి."
ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?
"గోటికి తెలుస్తుంది."

కొండల మీంచి అలెర్సె చెట్ల ముక్కలు
పెన్సిలంత సన్నగా, కూల్‌డ్రింకు స్ట్రాల్లో వస్తాయి.
మీద రాసిన పేర్లు వానకు చెరిగిపోతే
ఏ వాలు మీద చెట్టో వాసన చూసి చెబుతుందట.
"నమ్మరు. తర్వాత లెక్కపెట్టుకుని నమ్ముతారు."
ఒక జర్మనీ కుర్రాడు తొమ్మిది వందల ఏళ్ల ముక్కను
పక్కకు తిప్పి జిగురు పెట్టేశాడట.
రాత్రంతా కెటిల్ ఆవిరి పట్టి ఇద్దరూ ఊడదీశారు.
"ఇప్పుడు ప్రొఫెసర్. థీసిస్‌లో నాకు ధన్యవాదాలు చెప్పాడు,
పేరు తప్పు రాశాడు."

ఇది మూడు వందల అక్షరాల్లో ఎలా పడుతుంది?

"ఇటు రా," అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.
గీత పక్కన గీత, తేనె రంగులో.
"ఈ రెంటికీ మధ్య ఒక ఏడు లేదు."
నాకేమీ కనబడలేదు.
"కనబడదు. కొన్నేళ్లు చెట్టు గీత గీయదు.
బతికే ఉంటుంది, అంతే.
పక్క చెట్ల పక్కన పెట్టి చూస్తేనే బయటపడుతుంది.
ఆ ఒక్క ఏడు మర్చిపోయామా,
దానికి వెనకున్న వందల ఏళ్లూ జరిగిపోతాయి."
మరి దాన్నేం చేస్తారు?
"సున్నా వేస్తాను. వదిలెయ్యకూడదు. సున్నా వెయ్యాలి."

నావి పదకొండు కాంట్రాక్టులు.
మార్చిలో మొదలై డిసెంబరులో తెగిపోతాయి.
జనవరి, ఫిబ్రవరి నేను ఏ జాబితాలోనూ ఉండను.
ఆ నెలల్లో మా పిల్లకు పళ్లొచ్చాయి,
ఒకసారి నాకు న్యుమోనియా వచ్చింది.
సర్వీసు పట్టికలో డిసెంబరు కింద మార్చి ఉంటుంది,
మధ్యలో గీత కూడా ఉండదు.
ఇదంతా ఆమెకు చెప్పలేదు.
కుర్చీలోంచి లేవడానికి కాస్త ఆలస్యమైంది, అంతే.

పైకొచ్చి నాలుగో చిత్తు రాశాను.
అర్హత గడిలో డిగ్రీ తర్వాత
"లేదా తత్సమాన అనుభవం" అని చేర్చాను.
విధుల గడి చివర, మిగిలిన కాస్త చోటులో:
"లేని ఏళ్లను గుర్తించి, సున్నా వేసి, లెక్కలో నిలపడం."

డీన్ పెన్ను దాని మీద ఆగింది.
ఇదేమిటి?
సాంకేతిక పదమండీ, అన్నాను.
తలూపి ఉంచేశాడు.
తత్సమాన అనుభవాన్ని మాత్రం కొట్టేశాడు,
స్కేలు పెట్టి, నీటుగా.